ఉప్పు చూపించిన విమానం

వీరదుర్గ విమానం లోపల పనిచేయడం మొదలుపెట్టి ఏడాది దాటింది గానీ, ఎగిరే విమానంలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఈ మాట వాళ్ళ పల్లెలో ఎవరూ నమ్మరు. కోరంగి అవతల, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ పల్లెకి ఆమె ఎప్పుడు వెళ్ళినా, "మొన్న మా ఇంటి మీంచి ఎల్లింది, నువ్వేనా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కాదని చెబితే గర్వం అనుకుంటారు. అందుకని ఈమధ్య నవ్వి ఊరుకుంటోంది.

అసలు ఆమె పని విమానాన్ని ఎగరేయడం కాదు, దాని కడుపు ఖాళీ చేసి కొత్త కడుపు కట్టడం. మధురపూడి విమానాశ్రయం పక్కన కొత్తగా లేచిన పెద్ద రేకుల షెడ్డుని హేంగర్ అంటారు. ఇరవయ్యేళ్ళు జనాన్ని మోసి మోసి వచ్చిన ఒక విమానం అందులో నిలబడి ఉంది. జనానికి అది పాతబడింది గానీ సరుకుకి పాతబడలేదు. రొయ్యల పెట్టె సీటు మెత్తగా లేదని సణగదు కదా. అందుకని సీట్లన్నీ పీకేశారు. టీ కాచే అరలు, మరుగుదొడ్లు తీసేశారు. కిటికీలున్న చోట రేకులు బిగించారు. ఎడం పక్క గోడ కోసి, ట్రాక్టర్ తొట్టి పట్టేంత తలుపు పెట్టారు. నేల కింద దూలాలు గట్టివి వేసి, పైన పలకలు పరిచి, పెట్టెలు తోస్తే జారిపోయేలా రోలర్లు బిగించారు. ఇకమీదట అది డెల్టా రొయ్యల్నీ చేపల్నీ మోస్తుంది.

నేల పని వీరదుర్గ వాళ్ళ జట్టుది. పలకకీ పలకకీ మధ్య సందులో సీలెంటు పూసి, చుక్క నీరు కిందకి దిగకుండా మూయడం ఆమె ప్రత్యేకం. చెయ్యి వణక్కుండా, గీత గీసినట్టు పూస్తుందని పేరు తెచ్చుకుంది.

ఈ పని గురించి మొదటిసారి ఫోన్లో చెప్పినప్పుడు తండ్రి పల్లంరాజు, "ఓస్, అంతేనా. మన పనేగా," అన్నాడు. ఆయన పడవల వడ్రంగి. బ్రిడ్జీలు వచ్చి జనం లాంచీలు ఎక్కడం మానేశాక, ఆ లాంచీల్లో బల్లలు పీకేసి కొబ్బరికాయలు మోసే పడవలుగా మార్చిన చెయ్యి అది. కూతురు ఇంజినీరింగ్ డిప్లొమా చదివి, పోటీ పరీక్ష రాసి, చివరికి తన పనికే వచ్చిందని ఆయన లోలోపల మురిసిపోయాడు.

హేంగర్లో చీఫ్ ఇన్‌స్పెక్టర్ పేరు కన్యకాపరమేశ్వరి. పెనుగొండలో తరతరాలుగా కిరాణా వ్యాపారం చేసే కుటుంబం ఆవిడది. అంత పేరు పిలిచే ఓపిక లేక అందరూ కేపీ మేడమ్ అంటారు. తూకం దగ్గర కన్నతల్లినైనా నమ్మదని ఆవిడ గురించి చెప్పుకుంటారు. ఇంకొకళ్ళు కొలిచిందాన్ని మళ్ళీ కొలుస్తుంది, తను కొలిచిందాన్ని కూడా మళ్ళీ కొలుస్తుంది. ఆవిడ సంతకం పడితే గానీ ఏ పనీ అయినట్టు కాదు.

అలాంటి కేపీ మేడమ్ ఆ వారం వీరదుర్గని పిలిచి రెండు సంగతులు చెప్పింది. శనివారం విమానాన్ని కొన్నవాళ్ళకి అప్పగించగానే ట్రైనీల్లో పనికొచ్చేవాళ్ళని పర్మనెంటు చేస్తారు. అంతేకాదు, విమానం చెన్నై వెళ్ళేటప్పుడు పైలట్ల వెనక ఒక సీటు హేంగర్ వాళ్ళకి ఇస్తామన్నారు. "ఆ సీటుకి నీ పేరు రాశాను. కళ్ళు తిరిగే అలవాటు లేదు కదా?" అని అడిగింది.

"పడవలో పెరిగానండి," అంది వీరదుర్గ. బయటికొచ్చాక తనలో తనే నవ్వుకుంది. ఆ సంతోషానికి ఆ పూట అన్నం కూడా సహించలేదు.

అప్పగింతకి ముందు, గురువారం మధ్యాహ్నం, పనివాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి విమానం చూడొచ్చని కంపెనీ చెప్పింది. పల్లంరాజు, లోవలక్ష్మి తెల్లవారుజామునే బయల్దేరి, కాకినాడలో బస్సు మారి, ఎండ ముదిరే వేళకి దిగారు. లోవలక్ష్మి కాకినాడ బజార్లో చేపలు అమ్ముతుంది. ఆవిడ గొంతు బజారు ఆ చివరనుంచి ఈ చివరికి వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం పట్టుచీర కట్టుకుని, చేతిలో సంచీ పట్టుకుని, గుడికి వచ్చినట్టు నెమ్మదిగా నడిచింది. సంచీలో టవలు, తమలపాకులు, ఒక నీళ్ళ సీసా. మే నెల ఎండలో నీళ్ళ సీసా లేనివాళ్ళు ఎవరు? గేటు కాపలా గంగయ్య దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు.

పొద్దున్నే పూజ అయిపోయింది. చక్రాల దగ్గర పచ్చిగా నలిగిన నిమ్మకాయలు, బయట కొబ్బరి చెక్కలు, విమానం ముక్కు మీద కుంకుమ బొట్టు. లోవలక్ష్మి అవన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఇంకేం చెయ్యలేదా?" అని అడిగింది.

"ఇంకేం చెయ్యాలమ్మా?"

"ఏం లేదులే."

మెట్లెక్కి లోపలికి వెళ్ళారు. పల్లంరాజు గోడల మీద వేళ్ళతో కొట్టి చూశాడు. తలుపు కోసిన చోట వంగి చూసి, "గోడకి ఇంత కన్నం పెడితే బలం ఎలా వచ్చిందే?" అన్నాడు.

"చుట్టూ ఇంకో చట్రం కట్టాం నాన్నా. ముందుకంటే గట్టిది."

"ఊఁ," అన్నాడాయన. పల్లంరాజు ఊఁ అన్నాడంటే మెచ్చుకున్నట్టు. అంతకంటే పెద్ద మాట ఆయన దగ్గర లేదు.

లోవలక్ష్మి మాత్రం కిటికీల చోట ఉన్న రేకుల్ని అరచేత్తో తడిమింది. "ఇన్నాళ్ళూ మబ్బులు చూసింది. కళ్ళు మూసేశారు పాపం," అంది. వీరదుర్గ నవ్వి, తండ్రిని తోక వైపు తీసుకెళ్ళి చూపించసాగింది. వెనక్కి తిరిగి చూసేసరికి తల్లి పెద్ద తలుపు దగ్గర పమిట కొంగు తల మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. దణ్ణం పెట్టుకుంటోంది కాబోలు అనుకుంది. ఎవరి అమ్మలు పెట్టుకోరు గనుక.

ఆ సాయంత్రం కోరుకొండ రోడ్డులో వీరదుర్గ అద్దెకుండే మేడ మీది గదిలో ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. లోవలక్ష్మి ఇంటినుంచి తెచ్చిన ఎండురొయ్యలతో చింతచిగురు వండింది. కూతురి కంచంలో రెండోసారి వడ్డిస్తూ, మామూలుగా ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

"అమ్మడూ, రేపు పనికెల్లేటప్పుడు ఓ సీసాడు గోదారి నీళ్ళు పట్టుకెల్లాలి నువ్వు. మర్చిపోకు."

"ఎందుకు?"

"నేను సగం చేసొచ్చాను. మిగతా సగం నువ్వే చెయ్యాలి. అది కడుపున పుట్టినవాళ్ళు చెయ్యాల్సింది."

ఇక్కడ ఆ పల్లె ఆచారం ఒకటి చెప్పాలి. అక్కడ కొత్త పడవని ఉప్పు చూపించకుండా నీళ్ళలోకి దించరు. మొదటి ప్రయాణానికి ముందు ఇంటి పెద్దావిడ సముద్రం ఒడ్డుకి వెళ్ళి, విరుచుకుపడే కెరటంలోంచి ఒక చెంబుడు నీళ్ళు పట్టి తెచ్చి పడవ కడుపులో పోస్తుంది. తరవాత ఆ ఇంటి బిడ్డ అదే చోట గోదావరి మంచినీళ్ళు పోస్తుంది. ఉప్పునీళ్ళు పడవని సముద్రం మీదికి పంపడానికి, మంచినీళ్ళు ఇంటికి తిరిగి రప్పించడానికి. ఉప్పు చూపి మంచినీళ్ళు పోయకపోతే, పడవకి వెళ్ళడం తెలుస్తుంది గానీ తిరిగి రావడం తెలియదంటారు. పని మారిన పడవ కూడా కొత్త పడవ కిందే లెక్క. పల్లంరాజు బాగుచేసిన ప్రతి లాంచీకీ లోవలక్ష్మి తన చేత్తో ఉప్పు చూపించింది. చేపలు మోయబోయే ఈ విమానానికి నిమ్మకాయలు పెట్టినవాళ్ళు ఉన్నారు, కొబ్బరికాయ కొట్టినవాళ్ళు ఉన్నారు. ఉప్పు చూపించేవాళ్ళు తను తప్ప ఎవరున్నారు?

వీరదుర్గ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా, నువ్వేం చేశావు? సరిగ్గా చెప్పు."

"చెప్పేదేముంది. ఆ సీసాలో కెరటం నీళ్ళు. నువ్వు మీ నాన్నకి అటు చూపిస్తున్నప్పుడు పోశాను. ఆ పెద్ద తలుపు గడప దాటాక, దొర్లే కమ్మీలుంటాయి చూడు, వాటి పక్కన రెండు పలకల మధ్య సన్నటి సందుంది. చక్కగా కిందకి ఎల్లిపోయాయి. చుక్క పైన నిలవలేదు." ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో ఎంతో తృప్తి.

ఆ సందు వీరదుర్గకి బాగా తెలుసు. మొత్తం నేలలో సీలెంటు పూయని సందు అదొక్కటే. గడప కొలతలు చివరిసారి చూసుకోవడానికి దాన్ని ఆపి ఉంచారు. కొలతలు ఆ సాయంత్రమే అయిపోయాయి. తెల్లారగానే దాన్ని మూసే పని ఆమెదే.

"ఎంత పోశావు?"

"అర సీసా. అంతకంటే పోస్తే బాగుండదని."

"కొంచెం పోసినా పాడవుతుందమ్మా. విమానానికి ఉప్పునీళ్ళు విషం." వీరదుర్గ గొంతు పెరిగింది. "నేనేం పనిచేస్తున్నాననుకుంటున్నావు అక్కడ? నీళ్ళు దిగకుండా మూయడమే నా పని. నువ్వు నేను మూయబోయే సందు వెతుక్కుని మరీ పోశావు."

లోవలక్ష్మికి ఇంకా అర్థం కాలేదు. "చేపలు మోసేదానికి ఉప్పు విషం ఏంటే?" అంది.

అంతవరకూ మాట్లాడకుండా తింటున్న పల్లంరాజు తలెత్తాడు. "ఇనప మేకులైతే ఉప్పు తినేసుద్ది. మీ దూలాలు దేంతో చేశారు?"

"అల్యూమినియం నాన్నా."

"దానికేమవదా?"

"అవుతుంది. పైకి కనిపించకుండా అవుతుంది. లోపల్లోపల పొరలు పొరలుగా లేచిపోతుంది. మళ్ళీ నేల విప్పి చూసేది ఎన్నో ఏళ్ళ తరవాత. ఈలోగా ఆ దూలం మీదే సరుకంతా ఆగాలి. గాల్లో."

పల్లంరాజు కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నం మిగిల్చి లేచే మనిషి కాదాయన. అది చూశాకే లోవలక్ష్మి ముఖం పాలిపోయింది.

కింద రోడ్డు మీద లారీలు పోతున్నాయి. వీరదుర్గ బుర్రలో ఒక పాడు ఆలోచన మెల్లగా దూరింది. తెల్లారి వెళ్ళి ఆ సందు మూసేస్తే అయిపోతుంది. కేపీ మేడమ్ వచ్చి సీలెంటు గీత చూస్తుంది, వేలితో నొక్కి చూస్తుంది, సంతకం పెడుతుంది. శనివారం తను పైలట్ల వెనక కూర్చుంటుంది. చెబితేనో, ట్రైనీ తల్లి విమానంలో ఉప్పునీళ్ళు పోసిందని హేంగరంతా గుప్పుమంటుంది. ఉద్యోగం సంగతి అటుంచి, మళ్ళీ పల్లెవాళ్ళ పిల్లని ఎవరైనా ఆ గేటు దాటనిస్తారా? సీలెంటు పూస్తే నిమిషాల్లో పోయే గొడవ. ఆమె ఆ ఆలోచనని తరిమేయలేదు, దానికి కూర్చోవడానికి చోటిచ్చింది కూడా. చిన్నపిల్ల కాదు కదా, ఉద్యోగం విలువ తెలిసిన మనిషి.

"ఎండకి ఆరిపోద్దేమోనే," అంది లోవలక్ష్మి, ఆశగా.

"నీళ్ళు ఆరిపోతాయి. ఉప్పు ఎక్కడికి పోతుంది?"

ఈ సంగతి లోవలక్ష్మికి వేరే చెప్పనక్కర్లేదు. జీవితమంతా చేపలు ఎండబెట్టిన చెయ్యి అది. నీళ్ళు పోయాక తట్ట అడుగున మిగిలే తెల్లటి పొర ఆవిడకి తెలుసు. లేచి కంచాలు ఎత్తింది. కడిగొచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కూతురి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చెప్పకు. నేను చెబుతాను."

"నువ్వెలా చెబుతావమ్మా?"

"పోసింది నేను. నువ్వు చెబితే నీ తప్పు అవుద్ది. నేను చెబితే నా తప్పే అవుద్ది. పొద్దున్నే నాతో రా. మీ మేడమ్ గారిని గేటు దాకా పిలు, చాలు."

వీరదుర్గకి అప్పుడు ఏడుపొచ్చింది. తను చెబుదామా వద్దా అని ఊగిసలాడుతుంటే, సంతకం పెట్టడం కూడా సరిగా రాని తల్లి అప్పుడే నిర్ణయం చేసేసుకుంది. సిగ్గేసింది. ఆ సిగ్గే ఆమె చేత ఆ పాడు ఆలోచనని గదిలోంచి గెంటించింది.

మర్నాడు ఆటో దిగేసరికి గేటు దగ్గర గంగయ్య అడ్డుపడ్డాడు. నిన్నటి పాసు నిన్నటికే అన్నాడు. వీరదుర్గ కేపీ మేడమ్‌కి ఫోన్ చేసింది. ఆవిడ చేతిలో కొలతల టేపుతోనే బయటికొచ్చి, వీరదుర్గ ముఖం చూసి, పక్కనున్న పట్టుచీర చూసి, "ఏంటమ్మా, ఇంట్లో ఏమైనా అయిందా?" అని అడిగింది.

"మా ఇంట్లో కాదండి. మీ ఇమానంలో అయిందండి," అంది లోవలక్ష్మి. దాచకుండా అంతా చెప్పింది. ఎందుకు పోసిందో, ఎక్కడ పోసిందో, ఎంత పోసిందో. చెబుతున్నంతసేపూ రెండు చేతులూ ఖాళీ సీసాని గట్టిగా పట్టుకునే ఉన్నాయి. చివర్లో, "అమ్మాయికి తెలీదండి. రాత్రి అన్నం దగ్గర నేను చెప్పాకే తెలిసింది. తిట్టాలంటే నన్ను తిట్టండి," అంది.

కేపీ మేడమ్ తిట్టలేదు. సీసా అడిగి తీసుకుంది. మూత లోపలి భాగాన్ని వేలితో తుడిచి ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది. బియ్యమైనా బెల్లమైనా నోట్లో వేసుకుని చూస్తే గానీ బేరమాడని ఇంట్లో పుట్టిన మనిషి మరి.

"పాయ నీళ్ళు కాదు," అంది.

"కెరటం నీళ్ళేనండి. పాయ నీళ్ళు దీనికి పనికిరావు."

"అయ్యో తల్లీ," అని కేపీ మేడమ్ కళ్ళు మూసుకుంది. తెరిచాక గంగయ్యతో, "ఈవిడకి పాసు రాసివ్వు. ఎక్కడ పోశారో ఆవిడే చూపించాలి," అంది.

సంగతి తెలిసి మేనేజరు చంద్రరావు పరుగున వచ్చాడు. అప్పగింత ఆగిపోతుందన్న కోపం ఆయనది, అందులో తప్పు లేదు. కొన్నవాళ్ళకి ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి? "ముందు ఈ అమ్మాయిని బయటికి పంపండి. తరవాత విమానం సంగతి చూద్దాం," అన్నాడు.

"ముందు విమానం సంగతే చూద్దామండి," అంది కేపీ మేడమ్. "ఒక్క మాట వినండి. ఈ పిల్ల పొద్దున్నే వచ్చి ఆ సందు మూసేసి ఉంటే, నేను చూసి సంతకం పెట్టేదాన్ని. నేను చూసేది పైకి కనిపించేదే. సీలెంటు కింద ఏముందో పూసినవాళ్ళకే తెలుస్తుంది. చెప్పే మనిషిని బయటికి పంపేసి, చెప్పనివాళ్ళతో నేను పనిచేయలేను."

చంద్రరావు పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు. కానీ పైలట్ల వెనక సీటు మాత్రం ఆమెకి ఇచ్చేది లేదన్నాడు. కేపీ మేడమ్ దానికి ఎదురు చెప్పలేదు. వీరదుర్గ తల వంచుకుని వింది. కళ్ళ ముందు చెన్నై దాకా ఉన్న ఆకాశమంతా చుట్టచుట్టి ఎవరో అటక మీద పెట్టేసినట్టయింది.

లోవలక్ష్మి మెట్లెక్కి వచ్చి, వేలితో సందు చూపించింది. ఆవిడని నేల మీద గీసిన పసుపు గీత వెనక నిలబెట్టి, జట్టంతా కలిసి పలక స్క్రూలు తీశారు. పలక లేచింది. కింద దూలం మీద సన్నటి తడి చార. దాని చివర నాలుగు ఇసక రేణువులు, గోరంత గవ్వ ముక్క. ఇరవయ్యేళ్ళు మబ్బుల్లో తిరిగిన విమానం లోపలికి కోరంగి అవతలి తీరం ఇలా వచ్చి కూర్చుంది. ఎవరో కిసుక్కున నవ్వబోయి కేపీ మేడమ్‌ని చూసి మింగేశారు.

తరవాత కడగడం మొదలైంది. వేడీ చలీ ఆపడానికి దూలాల మధ్య పరిచిన దూది పరుపుల్లో తడిసినవి తీసి పారేశారు. ఉప్పు ఉందో లేదో చెప్పే కాగితపు పట్టీని దూలానికి ఆనించి చూస్తే వెంటనే రంగు మారింది. శుద్ధి చేసిన నీళ్ళ గొట్టాన్ని కేపీ మేడమ్ వీరదుర్గ చేతికే ఇచ్చింది. "నేల నీది. నువ్వే కడుగు. పట్టీ రంగు మారడం ఆగేదాకా కడుగు."

వీరదుర్గ మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పోసింది. కిందనుంచి ఇంకొకళ్ళు గొట్టంతో పీల్చేశారు. పట్టీ పెట్టింది. రంగు మారింది. మళ్ళీ పోసింది. నుదుటి మీంచి చెమట కారి కళ్ళలో పడుతుంటే భుజంతో తుడుచుకుంది. చెమట కూడా ఉప్పే కదా అని గుర్తొచ్చి, భయపడి, తలకి టవలు చుట్టుకుంది.

పసుపు గీత వెనకనుంచి లోవలక్ష్మి చాలాసేపు రెప్ప వేయకుండా చూసింది. ఆవిడ పెదవులు ఏదో గొణుక్కుంటున్నాయి. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మేడమ్ గారండి, ఆ నీళ్ళేం నీళ్ళండి?"

"శుద్ధి చేసినవమ్మా. ఉప్పు గానీ మట్టి గానీ ఏమీ ఉండవు."

"అది సరేనండి. శుద్ధి చెయ్యకముందు ఎక్కడి నీళ్ళండి?"

కేపీ మేడమ్‌కి ఈ ప్రశ్న వింతగా తోచింది. "ఎక్కడివేంటి? మా ప్లాంటుకి పైపు వచ్చేది గోదారి నుంచే. ఇక్కడ ఇంకేం నీళ్ళుంటాయి?"

లోవలక్ష్మి పమిట కొంగు తల మీదికి లాక్కుంది. నిన్న ఏ చోట తను సీసా వంచిందో అదే చోట, తన కడుపున పుట్టిన పిల్ల, తన చేతులతో గోదావరి మంచినీళ్ళు పోస్తోంది. వీరదుర్గ తలెత్తి తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళలో నీళ్ళు చూడగానే ఆమెకి అర్థమైంది. ఇంకెవరికీ అర్థం కాలేదు. నిన్న ఆ మాటకే తల్లి మీద అరిచింది. ఇవాళ ఆ గొట్టాన్ని ఇంకొంచెం వంచి, కాస్త నెమ్మదిగా, కాస్త భక్తిగా పోసింది. పట్టీ పెట్టింది. ఈసారి రంగు మారలేదు.

కేపీ మేడమ్ ఆ పట్టీని వెలుగులో పెట్టి చూసింది. తనే ఇంకోటి తీసి ఇంకో చోట పెట్టి చూసింది. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. దూలాన్ని ఆరబెట్టి, తుప్పు పట్టనివ్వని మందు పూసి, కొత్త పరుపులు వేసి, పలక దించేసరికి శుక్రవారం గడిచిపోయింది. సందు మాత్రం వీరదుర్గే మూసింది. అంత తిన్నటి గీత అంతకుముందు ఆమె ఎప్పుడూ గీయలేదు.

సీలెంటు ఆరి, మళ్ళీ తనిఖీ అయ్యాక, విమానం శనివారం బదులు సోమవారం వెళ్ళింది. పైలట్ల వెనక సీట్లో కిరణ్ కుమార్ కూర్చున్నాడు. మంచి కుర్రాడే, నేల జట్టులోనివాడే. ఎక్కే ముందు వీరదుర్గ దగ్గరికొచ్చి ఏం చెప్పాలో తెలియక, "వీడియో తీసి పంపుతా," అన్నాడు. ఆమె నవ్వి, "కిటికీలోంచి తియ్యి, నీ ముఖం కాదు," అంది. చెప్పొద్దూ, ఆ పూట ఆమెకి కడుపు రగిలిపోయింది. ఏడాది పాటు ఆ నేల మీద మోకాళ్ళు అరగదీసుకున్నది తను, ఎగిరేది ఇంకొకడు.

ప్రహరీ పక్క రోడ్డు మీద అమ్మా నాన్నలతో నిలబడి చూసింది. రొయ్యల పెట్టెలు నింపుకున్న విమానం రన్‌వే చివరిదాకా వెళ్ళి తిరిగింది. పరుగెత్తింది. ముక్కు లేచింది. కళ్ళు మూసేసిన ఆ పాత విమానం తడబడకుండా పైకి లేచి, పొలాల మీదుగా తిరిగి, సముద్రం వైపు పోయింది.

"బరువెక్కువున్నా బాగా లేచింది," అన్నాడు పల్లంరాజు. వీరదుర్గ తండ్రి వైపు ఆశ్చర్యంగా చూసింది. ఊఁ కంటే పెద్ద మాట ఆయన దగ్గర ఉందని అప్పుడే తెలిసింది.

"తిరిగొచ్చుద్ది," అంది లోవలక్ష్మి, ఎవరూ అడగకుండానే.

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి వీరదుర్గకి ఒక కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. సందర్శకుల విషయంలో జాగ్రత్త తీసుకోనందుకు హెచ్చరిక ఒకటి, పర్మనెంటు చేసిన ఉత్తర్వు ఒకటి. చంద్రరావు ఆ రెండింటినీ ఒకే పిన్నుతో గుచ్చాడు. ఆయన కోపం ఆయనది, ఆయన న్యాయం ఆయనది. వీరదుర్గ రెండూ తండ్రికి చదివి వినిపించింది. లోవలక్ష్మి మొదటిది విన్నప్పుడు తల వంచుకుంది, రెండోది విన్నాక కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టి, ఎంతసేపటికీ తీయలేదు.

వానాకాలం వెళ్ళేసరికి రెండో విమానం పని కూడా పూర్తికావచ్చింది. ఈసారి గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు, లోపలికి ఏ ద్రవపదార్థమూ తేకూడదని. గంగయ్య ఇప్పుడు నీళ్ళ సీసాని పాముని చూసినట్టు చూస్తాడు. ఇంటివాళ్ళు వచ్చే రోజు దగ్గరపడుతుంటే వీరదుర్గ తల్లికి ఫోన్ చేసి, ఈసారికి రావద్దని చెబుదామనుకుంది. చెప్పకముందే కేపీ మేడమ్ పిలిచింది.

"మీ అమ్మగారు వస్తున్నారా?"

"లేదండి. వద్దని చెబుతున్నానండి."

"ఎందుకు? రమ్మను. సీసా కూడా తెచ్చుకోమను." వీరదుర్గ నోరు తెరవబోతే చేత్తో ఆపింది. "లోపల కాదు. హేంగర్ బయట, విమానం బయటికొచ్చే దారిలో, నేల మీద. విమానం ముక్కుకి పది అడుగులు ఇవతల పోయమను, నేనే టేపు పట్టుకుని నిలబడతాను. ఈ విమానాలు ఇకమీదట మోసేది మన సముద్రాన్నే. ఎవరో ఒకరు దాని దగ్గర సెలవు తీసుకోవాలి కదా."

వీరదుర్గ అక్కడినుంచే ఫోన్ చేసి తల్లికి ఆ మాట చెప్పింది. అవతల బజారు రొద వినిపించింది. లోవలక్ష్మి ఎవరితోనో, "కాసేపు ఆగండమ్మా, ఈ చేప మీదే," అని చెప్పి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది.

"నేల మీదైతే సరేనే. మరి మంచినీళ్ళు ఎవరు పోస్తారు?"

వీరదుర్గ స్పీకరు పెట్టే ఉంచింది. కేపీ మేడమ్ కాగితాల మీంచి తలెత్తకుండానే జవాబిచ్చింది.

"అప్పగించే ముందు ఎలాగూ విమానమంతా కడుగుతామండి, ఆ ప్లాంటు నీళ్ళతోనే. అది మీ అమ్మాయి చేస్తుంది. కడిగాక ఈసారి విమానం కూడా ఎక్కుతుంది. ఆ సీటుకి మళ్ళీ దాని పేరే రాశాను."

"ఆయ్, అలాగేనండి," అంది లోవలక్ష్మి. ఆ మాట బజారు ఆ చివరిదాకా వినిపించి ఉంటుంది.